తన్మయి గైర్హాజరు

జిల్లా బాలల వికాస నిర్ధారణ కేంద్రంలో ఏడో నిబంధన పుట్టడానికి కారణం, అసలు పుట్టనే పుట్టని ఒక పిల్లవాడు. అంతకు ముందు సంవత్సరం ఒక పెద్దమనిషి లేని కొడుకు పేరు మీద ఆటిజం ధ్రువీకరణ పత్రం పుట్టించి, దాన్ని చూపించి వచ్చిన బదిలీని తప్పించుకున్నాడు. తనిఖీ బృందం ఇంటికి వెళ్ళి పిల్లవాణ్ణి చూపించమంటే మేనల్లుణ్ణి చూపించాడు. మేనల్లుడు అప్పటికే డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నాడు. ఇకమీదట ఇలాంటివి జరగకూడదని రాజధానిలో పెద్దలు కూర్చుని ఏడో నిబంధన రాశారు:

"నిర్ధారణ కోరు ప్రతి బాలుని లేక బాలికను సదరు కేంద్రమునందు పేరు పెట్టి ముమ్మారు పిలువవలెను. ప్రాంగణము నుండి 'హాజరు' అను సమాధానము వచ్చినచో హాజరుగాను, రానిచో గైర్హాజరుగాను పరిగణించవలెను. మూడు పర్యాయములు గైర్హాజరైన వారి దస్త్రము శాశ్వతముగా మూసివేయవలెను."

రాసినవారు బాగా చదువుకున్నవారే. ఆ కేంద్రానికి పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది వచ్చేదే "పేరు పెట్టి పిలిస్తే పలకడం లేదండీ" అని చెప్పుకోవడానికి. ఆ ఒక్క సంగతీ వాళ్ళకు తట్టలేదు.

మండపేటలో మోటార్ల వైండింగు షాపు నడిపే సూరిబాబుకీ, ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టే అతని భార్య సత్యవేణికీ ఈ నిబంధన సంగతి తెలియదు. వాళ్ళకు తెలిసిందల్లా కూతురు తన్మయి. ఐదేళ్ళు దాటాయి. దాహం వేస్తే "తన్మయికి నీళ్ళు కావాలా?" అని అడిగేది, నిన్న అమ్మ తనని అడిగిన గొంతుతోనే. తిరిగే వస్తువంటే ప్రాణం. షాపులో బాగుచేసిన మోటారు తిరుగుతుంటే పక్కన గొంతుక్కూర్చుని, అది ఆగబోయేముందు చేసే సన్నని మోతకి కళ్ళు మూసుకుని నవ్వేది. కుక్కరు కూత వేస్తే మాత్రం చెవులు మూసుకుని మంచం కిందకు దూరేది. పిలిస్తే పలికేది కాదు. చెవుడేమోనని చెవుల డాక్టరుకు చూపించారు. లోపలి గదిలో బిస్కెట్ల పొట్లం చింపితే వీధిలోంచి పరిగెత్తుకొచ్చే పిల్లకి చెవుడేమిటని ఆయన నవ్వి పంపించేశాడు.

బడిలో హెడ్మిస్ట్రెస్ నాన్చకుండా చెప్పింది. "పాప తెలివైంది సత్యవేణీ. వందనించి ఒకటి దాకా వెనక్కి కూడా చెబుతుంది. కానీ నా మనసుకి ఇది ఆటిజమేమో అనిపిస్తోంది. జిల్లా కేంద్రంలో చూపించండి. కాగితం తెస్తే ఒకటో తరగతిలో దానికి కావలసినట్టు నేను చూసుకుంటాను. కాగితం లేకపోతే మా యాజమాన్యం సీటివ్వదు."

నిర్ధారణ కేంద్రంలోనే అలాంటి పిల్లలకు శిక్షణ తరగతి కూడా ఉంది. కాకపోతే ఆరేళ్ళు నిండేలోపు చేరాలి. తన్మయికి వచ్చే ఆషాఢానికి ఆరు నిండుతాయి.

శ్రావణమాసంలో ఒక సోమవారం ముగ్గురూ మొదటి బస్సెక్కారు.

కేంద్రంలో బల్ల దగ్గర సీనియర్ అసిస్టెంటు అవధానులు గారు కూర్చుని ఉన్నారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒక్క అక్షరం కొట్టివేత లేకుండా రాసిన మనిషి. దరఖాస్తు చూశారు, ఎదురుగా తల్లి చంకలో ఉన్న పిల్లను చూశారు, రిజిస్టరు తెరిచారు.

"తన్మయి!"

తన్మయి పైన తిరుగుతున్న ఫ్యాను చూస్తోంది.

"తన్మయి! తన్మయి!" ఆయన మరి రెండుసార్లు పిలిచి, కాసేపు ఆగి, కలం మూత తీసి రాశారు. "గైర్హాజరు."

"అదేంటండీ బాబూ!" అన్నాడు సూరిబాబు. "పాప ఇక్కడే ఉందిగా!"

"ఉందని మీరంటున్నారు. పాప అనాలి."

"మీకు కనబడతల్లేదేంటండీ?"

"నాకు కనబడుతోంది," అన్నారు అవధానులు గారు నొచ్చుకుంటూ. "నేను అబద్ధమాడను. కానీ రిజిస్టర్లో కనబడినట్టు రాయడానికి గడి లేదు. పలికినట్టు రాయడానికే ఉంది. మళ్ళీ మూడు నెలలకి రండి."

వెళ్ళేటప్పుడు ఆయనే తన సీసాలోంచి తన్మయికి మంచినీళ్ళు పట్టించారు. గైర్హాజరైన పిల్ల సగం సీసా తాగేసింది.

రెండోసారి సూరిబాబు ఒక ఉపాయం ఆలోచించాడు. తన్మయిని ముందు నిలబెట్టి తను వెనకాల వంగున్నాడు. అవధానులు గారు పేరు పిలవగానే గొంతు సన్నం చేసి "హాజరూ..." అన్నాడు.

అవధానులు గారు కళ్ళజోడు మీదుగా చూశారు.

"సూరిబాబు గారూ, ఈ గొంతులో మీసం వినబడుతోందండి."

రెండో గైర్హాజరు పడింది. ఇక మిగిలింది ఒక్క అవకాశం.

సత్యవేణి అక్కడినించి కదలనంది. పెద్దాయన్ని కలవనిదే వెళ్ళనని బెంచీ మీద మూడు గంటలు కూర్చుంది. చివరికి కేంద్రం సంచాలకులు మార్తాండరావు గారు లోపలికి పిలిచారు. ఆయన గదిలో గోడ నిండా జ్ఞాపికలున్నాయి. ఆయన మాట్లాడితే సభలో మాట్లాడినట్టే ఉంటుంది, ఎదుట ఇద్దరే ఉన్నా సరే.

"మా కేంద్రం సంపూర్ణముగా బాల కేంద్రితమైనదమ్మా. మీ ఆవేదనను మేము సానుభూతితో పరిశీలించగలము. ఇందుకు పదకొండో నిబంధన క్రింద మినహాయింపు కలదు."

సత్యవేణికి ప్రాణం లేచొచ్చింది. "ఏంటండది?"

"ఆటిజం గల బాలబాలికలు హాజరు పలుకనక్కరలేదు."

"అమ్మయ్య! మా పాపకదే కదండీ!"

"మంచిది. సదరు ధ్రువీకరణ పత్రం జతపరచండి."

"ఆ పత్రం కోసమే వచ్చామండి."

"మరీ మంచిది. అయితే ముందు హాజరు పలికించండి."

"పలికితే మేమెందుకొస్తామండీ ఇక్కడికి?" అంది సత్యవేణి.

మార్తాండరావు గారు కుర్చీలో వెనక్కి వాలారు. "అమ్మా, మీరడిగినది తాత్త్వికమైన ప్రశ్న. మాది పరిపాలనా విభాగం."

తిరుగు బస్సెక్కారు. రావులపాలెం దాటాక సత్యవేణి అంది. "పలికిద్దాం."

"ఐదేళ్ళనించీ పలకనిది ఇప్పుడు పలుకుద్దా?"

"పేరుకి పలకదు. ఫ్యానుకి పలుకుద్దేమో."

మర్నాటినించి మొదలుపెట్టింది. కుట్టుమిషను పక్కన టేబుల్ ఫ్యాను పెట్టి, "తన్మయీ" అని గట్టిగా పిలిచి, తనే "హాజరు" అని చెప్పి, వెంటనే ఫ్యాను మీట నొక్కేది. రోజుకి అరవై సార్లు, డెబ్భై సార్లు. ఇరవై రోజులు పిల్ల ఫ్యానునే చూసింది గాని నోరు విప్పలేదు. కుట్టవలసిన జాకెట్లు పేరుకుపోయాయి. ఒకరోజు విసిగిపోయి సత్యవేణి పిలిచి ఊరుకుంది. తనూ "హాజరు" అనలేదు, మీటా నొక్కలేదు.

"హాజరు," అంది తన్మయి, ఫ్యానుతో.

సత్యవేణి మీట నొక్కి, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. షాపుకి ఫోను చేస్తే సూరిబాబు గిరాకీని వదిలేసి పరిగెత్తుకొచ్చాడు.

అయితే తన్మయికి పేరుతో పని లేదని నాలుగు రోజుల్లోనే తేలింది. ఎవరైనా గట్టిగా ఏదో ఒకటి అని ఆగితే చాలు. వీధిలో కూరగాయలామె "బెండకాయలూ!" అని అరిచి ఆగింది. "హాజరు," అంది తన్మయి. "వంకాయలూ!" అంది ఆమె. "హాజరు." సత్యవేణికి నవ్వొచ్చింది, భయమూ వేసింది. కానీ కావలసింది ఒక్క పూట, ఒక్క మాట.

మాఘమాసంలో మూడోసారి వెళ్ళారు. తెల్లారకముందే బయల్దేరి మొదటి టోకెను తీసుకున్నారు, తమ కంటే ముందు ఇంకెవరి పేరూ పిలవకుండా. అవధానులు గారు రిజిస్టరు తెరిచారు. మూడోది కూడా గైర్హాజరు రాయవలసి వస్తుందేమోనని ఆయనకి రాత్రి నిద్ర పట్టలేదట.

"తన్మయి!"

సత్యవేణి సంచిలోంచి చేతిలో పట్టుకునే బుల్లి ఫ్యాను తీసింది.

"హాజరు," అంది తన్మయి.

"భేష్!" అని అవధానులు గారు లేచి నిలబడ్డారు. ఏడాదిలో ఆయన రాసిన మొదటి హాజరు అదే. అక్షరం చక్కగా రావాలని కొత్త కలం తీశారు. అదే చేత్తో పరీక్ష ఫారం కూడా తీశారు. అందులో మొదటి ప్రశ్న: "పేరు పెట్టి పిలిచిన పలుకునా?" హాజరు రిజిస్టరు చూసి నింపవలెనని కింద సూచన ఉంది. ఆయన చూసి "పలుకును" అని నింపారు. దాని కింద మరో సూచన ఉంది: "పలుకును అయినచో తక్కిన ప్రశ్నలు అనవసరము."

పావుగంటలో తన్మయికి పత్రం వచ్చేసింది. గుండ్రటి ముద్ర, ప్లాస్టిక్ తొడుగు అన్నీ ఉన్నాయి. "సదరు బాలిక సాధారణ బాలిక అని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది."

సూరిబాబు దాన్ని రెండుసార్లు చదివాడు. "అయితే పలక్కపోతే రానట్టు. పలికితే జబ్బు లేనట్టు. అంతేనాండీ?"

అవధానులు గారు చాలాసేపు ఆలోచించారు. నిజాయితీపరుడు కాబట్టి దాచలేదు. "అంతేనండి," అన్నారు. "నాకూ ఇప్పుడే తెలిసింది."

కథ అక్కడితో అయిపోవలసిందే. కానీ ఫాల్గుణంలో మార్తాండరావు గారు వార్షిక నివేదిక రాయడానికి కూర్చున్నారు. ఏడాదిలో అరవై రెండు మంది పిల్లలు నిర్ధారణకు దరఖాస్తు పెట్టారు. అరవై ఒక్కరు హాజరు కాలేదు. హాజరైన ఒక్క బాలికా సాధారణం. అంటే జిల్లాలో ఆటిజం ఉన్న పిల్లలు సున్నా. ఆయన లెక్క మళ్ళీ చూసుకున్నారు. మళ్ళీ సున్నాయే వచ్చింది. తన హయాంలో ఇంత పని జరిగిందని ఆయనకే తెలియదు.

వారం తిరక్కుండా పురపాలక సంఘం హాలు ముందు బ్యానరు లేచింది: "రాష్ట్రంలో తొలి ఆటిజం రహిత జిల్లా. ప్రకటనోత్సవ సభ." ముఖ్య అతిథి రాష్ట్ర కమిషనర్ శ్రీ యజ్ఞదత్తు గారు. విజయగాథగా వేదిక మీద చూపించడానికి జిల్లాలో ఉన్నది ఒకే ఒక్క పిల్ల. మండపేటకి కారు పంపించారు.

"నేను రాను," అన్నాడు సూరిబాబు. "వాళ్ళ ముఖం చూడను."

"నేనొస్తాను," అంది సత్యవేణి. "అంతమంది పెద్దాళ్ళొత్తారంట. ఒక్కళ్ళకైనా చెవులుండకపోవు."

సభ రోజు ఉదయమే కమిషనర్ గారి దగ్గరినించి ఫోను వచ్చింది. రాజధానిలో మంత్రిగారి సమీక్ష ఉంది, రాలేను, నా బదులు బోధనాసుపత్రి పిల్లల మానసిక వైద్యురాలు డాక్టర్ షమీమ్ గారిని పంపుతున్నాను అని. మార్తాండరావు గారు నొచ్చుకున్నారు గాని కార్యక్రమం పట్టీ అచ్చయిపోయింది. అందులో కమిషనర్ గారి పేరుంది కాబట్టి పిలవక తప్పదు.

పైగా ఆయన ఒక వినూత్న ఆలోచన చేశారు. "ఈ జిల్లాకు ఇంతటి ఖ్యాతి తెచ్చిన పిలుపు పద్ధతిలోనే నేడు అతిథులను కూడా ఆహ్వానించెదము!" అని మైకులో ప్రకటించి, రిజిస్టరుతో సహా అవధానులు గారిని వేదిక ఎక్కించారు. ముందు వరసలో తల్లి ఒళ్ళో తన్మయి, నెత్తిమీద తిరుగుతున్న పెద్ద ఫ్యాను వంక చూస్తూ కూర్చుంది.

"సంచాలకులు శ్రీ మార్తాండరావు గారు!" అని పిలిచి ఆగారు అవధానులు గారు.

మార్తాండరావు గారు గొంతు సవరించుకునేలోపే జవాబు వచ్చేసింది. "హాజరు."

జనం నవ్వారు. సంచాలకులు కూడా నవ్వారు, ముద్దుగా ఉందని. అవధానులు గారు రాసుకున్నారు.

"జిల్లా విద్యాధికారి గారు!"

"హాజరు."

"రోటరీ అధ్యక్షులు గారు!"

"హాజరు."

సత్యవేణి పిల్ల నోరు మూయబోయి మానేసింది.

"ముఖ్య అతిథి, రాష్ట్ర కమిషనర్ శ్రీ యజ్ఞదత్తు గారు!"

రాని మనిషి ఏం పలుకుతాడని అందరూ వేదిక మీద ఖాళీ కుర్చీ వైపు చూశారు.

"హాజరు," అంది తన్మయి స్పష్టంగా.

అవధానులు గారి కలం గాలిలో ఆగింది. ఏడో నిబంధన ఆయనకు కంఠతా వచ్చు. ప్రాంగణం నుండి హాజరు అను సమాధానం వచ్చినచో. ఆయన తల వంచి రాసేశారు.

హాలంతా ఘొల్లున నవ్వింది. ఆ నవ్వుల్లో నవ్వనిది డాక్టర్ షమీమ్ ఒక్కతే. ఆమె వేదిక దిగొచ్చి తన్మయి ముందు నేల మీద కూర్చుంది. పేరు పెట్టి పిలవలేదు. తన చేతి కడియం తీసి నేల మీద బొంగరంలా తిప్పింది. తన్మయి ఒళ్ళోంచి జారి ఆమె ఎదురుగా కూర్చుంది. కడియం ఆగిపోయింది. పిల్ల డాక్టరు చెయ్యి పట్టుకుని కడియం మీద పెట్టింది, ముఖం వైపు చూడకుండానే.

"ఈ హాజరు ఎలా నేర్పావమ్మా?" అని అడిగింది డాక్టరు.

సత్యవేణి ఫ్యాను నించి బెండకాయల దాకా అంతా చెప్పేసింది. "తప్పు చేశానాండీ?"

"నేర్పడం తప్పెందుకవుతుంది? చాలా కష్టమైన పని చేశావు. కానీ ఈ పిల్లని సరిగా పరీక్ష చెయ్యాలి. నేను చేస్తాను."

"వీలు కాదండి," అన్నారు వెనకనించి అవధానులు గారు, ఎంతో బాధగా. "సాధారణ పత్రం ఇచ్చేశాం. అది రద్దయితే తప్ప మళ్ళీ పరీక్షకి అర్హత లేదు. రద్దు చెయ్యడానికి నిబంధన లేదు."

నిబంధన లేకపోయినా పని జరిగింది, అదీ వారంలో. సభ రిజిస్టరు నకలు యథావిధిగా రాజధానికి వెళ్ళింది. అదే రోజు అదే సమయానికి కమిషనర్ గారు మంత్రిగారి సమీక్షలోనూ సంతకం పెట్టారు. "ఒకే అధికారి ఒకే ఘడియలో రెండు ప్రదేశములందు హాజరగుట ఎట్లు సంభవించెనో మూడు దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను" అని పైనించి ఆయనకు తాఖీదు వచ్చింది. ఆయన మార్తాండరావు గారికి ఫోను చేశారు. మార్తాండరావు గారు అవధానులు గారిని పిలిచారు.

"ఏమయ్యా, రాని మనిషికి హాజరెలా వేశావు?"

"పిలిచానండి. పలికారండి."

"పలికింది ఆ పిల్లయ్యా!"

"ఎవరి గొంతో విచారించమని నిబంధనలో లేదండి. నా మటుకు నేను గొంతులో మీసం ఉందేమోనని విన్నాను. లేదు. బ్యానరు మీద కమిషనర్ గారి ఫోటో చూశాను. ఆయనకీ లేదు."

అరవై ఒక్క మంది పిల్లలు ఎదురుగా ఉండి రానివాళ్ళయినప్పుడు ఏడాదిపాటు కదలని ఏడో నిబంధన, ఒక్క పెద్దమనిషి ఎదురుగా లేకుండా వచ్చినవాడైనందుకు ఒక్క రోజులో రద్దయింది. కమిషనర్ గారి హాజరు ఒక్కటే కొట్టేస్తే అనుమానం వస్తుందని, "సదరు నిబంధన క్రింద నమోదైన సమస్త హాజరులు, గైర్హాజరులు, తదనుగుణ పత్రములు చెల్లవు" అని ఉత్తర్వు రాశారు. అరవై రెండు దస్త్రాలూ మళ్ళీ తెరుచుకున్నాయి. అవధానులు గారు అరవై రెండు ఇళ్ళకూ తానే ఫోను చేసి చెప్పారు. ఆ ఉత్తర్వులో ఫోను చెయ్యమని లేదు. ముప్పై ఏళ్ళలో ఉత్తర్వులో లేని పని ఆయన చెయ్యడం అదే మొదలు.

చైత్రంలో డాక్టర్ షమీమ్ రెండు రోజులు కేంద్రానికి వచ్చి తన్మయితో నేల మీద కూర్చుంది. ఆడించింది, చూసింది, ఊరికే పక్కన ఉంది. రెండో రోజు మధ్యాహ్నం తల్లిదండ్రుల్ని లోపలికి పిలిచింది. ఈసారి సూరిబాబు కూడా వచ్చాడు, చేతుల గ్రీజు పూర్తిగా కడుక్కోకుండానే.

"ఆటిజమేనమ్మా. అనుమానం లేదు."

శ్రావణం నించీ ఇద్దరూ ఆ మాట కోసమే తిరిగారు. తీరా వినేసరికి సూరిబాబు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

"తగ్గుద్దాండీ?" అన్నాడు అటే చూస్తూ.

"ఇది తగ్గే జ్వరం కాదు సూరిబాబూ. తన్మయి మనసు పనిచేసే తీరే ఇది. ఆ తీరు మనం నేర్చుకుంటే, మన తీరు కొంత ఆమె నేర్చుకుంటుంది. ఆరేళ్ళు నిండకముందే వచ్చారు. సోమవారం నించి తరగతికి తీసుకురండి."

సత్యవేణి కళ్ళు తుడుచుకుంది. అది ఏడుపో, ఊరటో ఆమెకే తెలియలేదు. "మా తప్పేం లేదాండీ? మా అత్తగారు నేను మిషను తొక్కుతా పిల్లని పట్టించుకోలేదంటారు."

"మిషను వల్ల కాదు, ఎవరి తప్పూ కాదు. అత్తగారిని కూడా ఒకసారి తీసుకురా, నేను చెబుతాను." డాక్టరు ఫారం ముందుకు లాక్కుంది. "ఇప్పుడు ఏం నేర్పాలో, ఎలా నేర్పాలో రాయాలి. దానికి నాకు ఒక సంగతి కావాలి. తన్మయికి ఏమేమిటి ఇష్టం?"

సత్యవేణి ఆమె ముఖంలోకి చూసింది. ఇన్ని నెలల్లో ఎంతోమంది ఎన్నో అడిగారు. ఇది ఎవరూ అడగలేదు.

"చాలా ఉన్నాయండి," అంది.

అవధానులు గారు పక్కనించి వంగి చూసి గొంతు తగ్గించి చెప్పారు. "డాక్టరు గారూ, ఈ ఫారంలో ఇష్టాలకి గడి లేదండి."

డాక్టరు ఫారం తిరగేసింది. వెనక పేజీ అంతా ఖాళీగా ఉంది. "చెప్పమ్మా," అంది. సత్యవేణి కుర్చీ దగ్గరగా జరుపుకుని చెప్పడం మొదలుపెట్టింది. అవధానులు గారు ఆఫీసు మూసే వేళ అయినా తాళాలు జేబులో వేసుకుని వింటూ నిలబడ్డారు.